రొయ్యల చెరువుకు కాల్షియము — ఏది వేయవలెను? ఎంత వేయవలెను?

ఉదయమున చెక్ ట్రే పైకి తీసి చూచినప్పుడు నాలుగైదు రొయ్యలు చేతికి మెత్తగా తగిలినచో రైతు గుండె ఝల్లుమనును. పెంకు గట్టిపడని రొయ్యను తోటి రొయ్యలే కొరికి తినును. పట్టుబడి నాడు మెత్తని సరుకును కొనుగోలుదారులు వేరుచేసి ధర తగ్గింతురు. నూరు దినములకు పైగా కాచి పెంచిన పంట చివరి వారములలో ఇట్లు చేజారుట రొయ్యల రైతులకు క్రొత్త కాదు. అప్పుడు చాలామంది చేయు మొదటి పని సున్నపు బస్తాలు తెప్పించి చెరువులో చల్లుట. కొన్ని చెరువులలో దీనివలన మేలు కలుగును. కొన్నింటిలో ఏ మార్పును కానరాదు. మరికొన్నింటిలో తెల్లవారుసరికి రొయ్యలు గట్టుకు చేరి తేలుచుండును. ఒకే సున్నము మూడు చెరువులలో మూడు విధముల ఫలితము నిచ్చుటకు కారణమేమో, ఏ చెరువుకు ఏ పదార్థము తగునో ఈ వ్యాసమున వివరింపబడినది.

రొయ్యకు కాల్షియము ఎందుకు?

రొయ్య పెరుగవలెనన్న పాత పెంకును విడువవలెను. దీనినే మనము కుబుసము విడుచుట అందుము. చిన్న రొయ్యలు కొలది దినములకు ఒకసారి, పెద్దవి సుమారు రెండు వారములకు ఒకసారి కుబుసము విడుచును. అమావాస్య, పున్నమి దరిదాపులలో ఇది ఎక్కువగా జరుగునని రైతుల అనుభవము. క్రొత్త పెంకు గట్టిపడుటకు ముఖ్యముగా కావలసినది కాల్షియము కార్బొనేటు, అనగా సున్నపురాయిలో నుండు పదార్థమే. రొయ్యకు కాల్షియమును ఒంటిలో నిలువచేసికొను శక్తి తక్కువ. కావున కుబుసము విడిచిన వెంటనే చుట్టునున్న నీటినుండి మొప్పల ద్వారా దానిని పీల్చుకొనును.

సముద్రపు నీటిలో దీనికి కొరత లేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియము, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియము, 390 మిల్లీగ్రాముల పొటాషియము ఉండును. కాని మన రాష్ట్రమున చాల చెరువులు ఇప్పుడు సముద్రపు నీటితో నిండినవి కావు. 2009లో వన్నామి రొయ్యల పెంపకమునకు కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చిన తరువాత సాగు తీరము నుండి లోపలి గ్రామములకు ప్రాకినది. భీమవరము, కైకలూరు ప్రాంతములలో అనేకులు బోరు నీటితోను, కాలువ నీరు కలిపిన ఉప్పునీటితోను రొయ్యలు పెంచుచున్నారు. వన్నామి అల్ప లవణ జలమునకు ఓర్చుకొనును గాని, ఆ నీటిలో ఖనిజములు తగు పాళ్లలో లేనిచో పెంకు గట్టిపడదు, బ్రతుకు శాతము తగ్గును.

ఎంత ఉండవలెను?

అమెరికాలో అలబామా రాష్ట్రమందలి ఆబర్న్ విశ్వవిద్యాలయ ఆచార్యులు క్లాడ్ బాయిడ్, ఆయన సహచరులు లోతట్టు చెరువుల నీటిని పరిశీలించి రైతులకు ఉపయోగపడు సులభమైన లెక్క నిచ్చినారు. నీటి ఉప్పదనమును పి.పి.టి.లలో కొలిచి, దానిని 11.6చే గుణించినచో లీటరుకు ఉండదగిన కాల్షియము మిల్లీగ్రాములలో వచ్చును. 39.1చే గుణించిన మెగ్నీషియము, 10.7చే గుణించిన పొటాషియము తెలియును. ఉదాహరణకు ఉప్పదనము 5 పి.పి.టి. గల చెరువులో కాల్షియము 58, మెగ్నీషియము 196, పొటాషియము 53 మిల్లీగ్రాములు ఉన్నచో ఆ నీరు సముద్రపు నీటి పాళ్లను పోలియున్నట్లు. సరిగా ఈ అంకెలకే చేర్చవలెనను నియమము లేదు. లోటు ఏ ఖనిజమునందు అధికముగా నున్నదో చూపు కొలబద్దగా మాత్రమే దీనిని వాడుకొనవలెను.

దీనితోపాటు నీటి క్షారతను తప్పక కొలువవలెను. క్షారత యనగా నీటిలో కరగియున్న బైకార్బొనేటు, కార్బొనేటుల మొత్తము. పెంకులోని కార్బొనేటు దీనినుండియే లభించును. పి.హెచ్. ఉదయము ఒకటి, సాయంత్రము వేరొకటిగా ఎగుడుదిగుడు కాకుండ కాపాడునది కూడ ఇదియే. వన్నామి చెరువులో క్షారత లీటరుకు 100 మిల్లీగ్రాములకు తగ్గకుండుట మంచిది. పి.హెచ్. 7.5 నుండి 8.5 వరకు ఉండి, ఉదయ సాయంకాలముల తేడా అర్ధ అంకెకు మించరాదు.

కాల్షియము వేరు, క్షారత వేరు. ఈ రెంటిని ఒకటిగా తలచుటయే పొరపాటులన్నిటికి మూలము. సున్నములు రెంటిని కలిపి యిచ్చును. జిప్సం కాల్షియమును మాత్రమే యిచ్చును. వంటసోడా అనబడు సోడియం బైకార్బొనేటు క్షారతను మాత్రమే యిచ్చును.

ఏ పదార్థము ఏ పని చేయును?

సున్నపురాయి పొడి: ఇది కాల్చని సున్నపురాయిని మెత్తగా విసరిన పొడి. శుద్ధమైన దానిలో కాల్షియము నూటికి 40 పాళ్లు. రొయ్యలున్న చెరువులో వేయుటకు ఇది అన్నిటికన్న నిరపాయకరము. అయితే నీటిలో బొగ్గుపులుసు వాయువు ఉన్నంతవరకే ఇది కరుగును. పి.హెచ్. 8.3కు మించిన నీటిలో వేసినచో కరగక అడుగున చేరి బురదలో కలసిపోవును. పొడి ఎంత మెత్తనైన అంత త్వరగా పనిచేయును. అంగుళమునకు 60 కన్నులుగల జల్లెడనుండి జారు పొడి శ్రేష్ఠము.

డోలమైట్: దీనిలో కాల్షియముతోపాటు మెగ్నీషియము కూడ కలదు. సున్నపురాయి వలెనే మెల్లగా పనిచేయును, అంతకన్న ఆలస్యముగా కరుగును.

కాల్చిన సున్నము, తడిపిన సున్నము: సున్నపురాయిని గాని ఆల్చిప్పలు, గుల్లలను గాని బట్టీలో కాల్చినచో కాల్చిన సున్నము వచ్చును. దానిపై నీరు చల్లినచో వేడెక్కి పొడియై తడిపిన సున్నమగును. మన పల్లెలలోని గుల్ల సున్నము ఈ జాతిదే. ఆమ్లమును విరుచు శక్తిలో శుద్ధమైన సున్నపురాయి పొడిని 100గా లెక్కించినచో డోలమైట్ 109, తడిపిన సున్నము 135, కాల్చిన సున్నము 179 అగును. శక్తి ఎక్కువ గనుక ప్రమాదమును ఎక్కువే. ఇవి నీటి పి.హెచ్.ను తక్షణమే పెంచును. పంట తీసిన పిదప ఎండబెట్టిన చెరువు అడుగున క్రిమినాశనమునకు, పులుపునేలను సరిచేయుటకు కాల్చిన సున్నము తగును. రొయ్యలున్న చెరువులో కాల్చిన సున్నము వేయరాదు.

జిప్సం: వేరుశనగకు ఊడలు దిగు సమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సం వేయుట మన మెట్ట రైతులకు చిరపరిచితమే. అదే జిప్సం చెరువునకు కూడ పనికివచ్చును. శుద్ధమైన జిప్సంలో కాల్షియము నూటికి 23 పాళ్లు. ఇది క్షారతను గాని పి.హెచ్.ను గాని పెంచదు. క్షారత అధికమై కాల్షియము తక్కువైన నీటిలో దీనిని వేసినచో, సాయంకాలము విపరీతముగా పెరుగు పి.హెచ్. కొంత తగ్గును.

కాల్షియం క్లోరైడ్: రేకుల రూపమున దొరకు దీనిలో కాల్షియము సుమారు 27 పాళ్లు. నీటిలో వెంటనే కరుగును. ఖరీదు ఎక్కువ గనుక పిల్లలను వదలు తొట్టెలకు, అత్యవసర సమయమునకు దీనిని వాడుట వాడుక.

గాజు తొట్టెలోని పగడములు నేర్పు పాఠము

విదేశములలో కొందరు వినోదార్థము గాజు తొట్టెలలో సముద్రపు నీరు నింపి సజీవమైన పగడములను పెంతురు. పగడము కూడ రొయ్యవలె నీటినుండి కాల్షియమును, కార్బొనేటును తీసికొని గూడు కట్టుకొనును. 20 మిల్లీగ్రాముల కాల్షియమును వాడినప్పుడెల్ల క్షారతలో 50 మిల్లీగ్రాములు తగ్గును. తొట్టె చిన్నది గనుక లోటు కొలది దినములలోనే కానవచ్చును. ఆ లోటు తీర్చుటకు వారు మూడు పద్ధతు లనుసరింతురు.

మొదటిది, తేరిన సున్నపు నీటిని రాత్రివేళ చుక్కచుక్కగా వదలుట. రాత్రి బొగ్గుపులుసు వాయువు పెరిగి పి.హెచ్. తగ్గియుండును గనుక అప్పుడు సున్నపు నీరు హాని చేయదు. రెండవది, సున్నపురాయి ముక్కలు నింపిన గొట్టములోనికి బొగ్గుపులుసు వాయువును పంపి, రాయిని కరగించి ఆ నీటిని తొట్టెలోనికి విడచుట. మూడవది, కాల్షియం క్లోరైడ్ ద్రావణమును, సోడా ద్రావణమును వేరువేరుగా కొలిచి పోయుట. ఆ రెంటిని ఒకే పాత్రలో కలిపినచో తెల్లని సుద్దగా గడ్డకట్టి వృథా యగును.

ఈ మూడు సూత్రములు మన చెరువులకును వర్తించును. తడిపిన సున్నము వేయవలసివచ్చిన రాత్రి పొద్దుపోయిన తరువాత వేయవలెను. సున్నపురాయి పొడి కరుగుటకు బొగ్గుపులుసు వాయువు కావలెను. కాల్షియము నిచ్చు పదార్థమును, సోడాను ఒకే డ్రమ్ములో కలుపరాదు, ఒకే పూట చల్లరాదు. పగడములను మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. కనుక వాటిని సముద్రము నుండి తీయుట నేరమని మన తీర గ్రామములవారు గుర్తుంచుకొనవలెను.

మూడు చెరువులు, మూడు మందులు

ఇక లెక్కకు వత్తము. ఎకరము విస్తీర్ణము, నాలుగడుగుల లోతుగల చెరువులో సుమారు 5,000 ఘనపు మీటర్ల నీరుండును. ఇందు ఏ ఖనిజమునైనను లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచవలెనన్న 5 కిలోల ఆ ఖనిజము కావలెను. ఈ ఒక్క సూత్రము గుర్తున్న చాలును. ఒకే ఊరిలో 5 పి.పి.టి. ఉప్పదనముగల మూడు చెరువు లున్నవనుకొందము. మూడింటిలోను రొయ్య మెత్తగానే యున్నది.

మొదటి చెరువు: కాల్షియము 30, క్షారత 60, ఉదయపు పి.హెచ్. 7.3. ఇక్కడ రెండును తక్కువే. నీటిలో బొగ్గుపులుసు వాయువు కలదు గనుక సున్నపురాయి పొడి చక్కగా కరుగును. 100 కిలోల పొడి పూర్తిగా కరగినచో క్షారత 20, కాల్షియము 8 మిల్లీగ్రాములు పెరుగును. వారమునకు 100 కిలోల చొప్పున వేయుచు, ప్రతిసారి నీటిని పరీక్షించుచు క్షారత 100 దాటువరకు కొనసాగింపవలెను. మెగ్నీషియము కూడ తక్కువైనచో ఒక వారము డోలమైట్ వేయవచ్చును.

రెండవ చెరువు: కాల్షియము 40, క్షారత 180, సాయంకాలపు పి.హెచ్. 8.7. ఈ చెరువులో సున్నము వేసినచో డబ్బు బురదపాలే. ఇక్కడ కావలసినది జిప్సం. లీటరుకు 10 మిల్లీగ్రాముల కాల్షియము పెంచుటకు 50 కిలోల కాల్షియము, అనగా శుద్ధమైన జిప్సం 215 కిలోలు కావలెను. జిప్సం శుద్ధి నూటికి 80 మాత్రమే అయినచో సుమారు 270 కిలోలు పట్టును. దీనిని రెండు మూడు విడతలుగా, ఏరియేటర్లు తిరుగుచుండగా చల్లవలెను.

మూడవ చెరువు: కాల్షియము 150, క్షారత 60, పొటాషియము 12. బోరు నీటిలో ఇట్టిది తరచు కనిపించును. ఈ నీటిలో కాల్షియము కావలసినదానికన్న అధికముగానే యున్నది. పెంకు మెత్తబడుటకు కారణము కాల్షియము కాదు. ఇక్కడ క్షారతకు సోడాను, పొటాషియమునకు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌ను వేయవలెను. క్షారత 20 మిల్లీగ్రాములు పెంచుటకు 168 కిలోల సోడా, పొటాషియము 10 మిల్లీగ్రాములు పెంచుటకు 100 కిలోల పొటాష్ పట్టును. పొటాషియమును అడుగు మన్ను కొంత పీల్చుకొనును గనుక రెండు వారముల పిదప మరల పరీక్షింపవలెను.

మూడు చెరువులలోను రోగ లక్షణ మొక్కటే, మందు మాత్రము వేరు. నీటి పరీక్ష లేకుండ ఈ తేడా కంటికి తెలియదు.

గట్టుమీది మాట

ఇట్టి సంభాషణ మన చెరువు గట్లపై తరచు వినవచ్చును.

“బాబూ, రొయ్య మెత్తబడింది. రాత్రికి పది బస్తాల సున్నం కొట్టిద్దామనుకుంటున్నాను. ఏమంటావు?”

“ఏ సున్నం బాబాయిగారూ?”

“కొట్టువాడు ఇచ్చిందే. బస్తా మీద కాల్షియం అని రాసి ఉంది.”

“కాల్షియం అన్న మాట అన్ని బస్తాల మీదా ఉంటుందండీ. నిన్న సాయంత్రం పి.హెచ్. ఎంతుంది?”

“తొమ్మిదికి దగ్గరగా ఉంది.”

“అయితే ఆగండి. అందులో తడి సున్నం పడితే నీళ్లలోని అమ్మోనియా విషమవుతుంది. రేపు పొద్దున్నే ఒక సీసా నీళ్లు పంపుదాం. అంతవరకు ఏరియేటర్లు ఆపకండి, మేత తగ్గించండి.”

ఆ మత్స్య సహాయకుడు చెప్పినది అక్షరాల నిజము. మేత మిగులు, రెట్టల వలన నీటిలో అమ్మోనియా చేరుచుండును. సుమారు 28 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 8 ఉన్నప్పుడు దానిలో నూటికి 6, 7 పాళ్లు మాత్రమే విష రూపమున నుండును. పి.హెచ్. 9కి చేరినచో సుమారు 40 పాళ్లు విషమగును. ఒక్క రాత్రిలో చల్లిన సున్నము చెరువునంతటిని చంపుట ఈ విధముననే. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

బస్తా కొనునప్పుడు

బస్తామీది పేరును నమ్మక కొన్ని చిన్న పరీక్షలు చేయవచ్చును. చిటికెడు పొడిపై నిమ్మరసము గాని వెనిగారు గాని పోయుడు. సున్నపురాయి పొడి చురచుర పొంగును. డోలమైట్ మెల్లగా పొంగును. జిప్సం పొంగదు. వేరొక చిటికెడు పొడిని గాజు పాత్రలో నుంచి దూరమునుండి కొద్దిగా నీరు పోసినప్పుడు వేడెక్కినచో అది కాల్చిన సున్నమని తెలియవలెను. దానిని రొయ్యలున్న చెరువునకు తేరాదు.

ధరలను పోల్చునప్పుడు బస్తా ధరను గాక, అందులోని కాల్షియము కిలో ధరను చూడవలెను. 50 కిలోల జిప్సం బస్తాలో శుద్ధి నూటికి 80 అయినచో కాల్షియము 9 కిలోలకు కొంచెము హెచ్చుగా నుండును. అంతే బరువుగల కాల్షియం క్లోరైడ్ బస్తాలో 13 కిలోలకు పైగా ఉండును. బస్తా ధరను ఈ అంకెలచే భాగించినచో ఏది చవుకయో తేలిపోవును. ఖనిజ మిశ్రమములని అమ్ము డబ్బాలపై ఏ ఖనిజము నూటికి ఎన్ని పాళ్లో వ్రాయనిచో వాటిని కొనకుండుటే మేలు.

కొన్ని జాగ్రత్తలు

రొయ్యలున్న చెరువులో తడిపిన సున్నము తప్పనిసరియైనచో ఎకరమునకు ఒక విడత 20 కిలోలకు మించకుండ, నీటిలో కలిపి, రాత్రివేళ చెరువంతయు సమముగా చల్లవలెను. మరునాటి ఉదయము పి.హెచ్. చూచిన తరువాతనే రెండవ విడత మాట తలపెట్టవలెను.

సున్నము చల్లు కూలీలు గాలికి ఎదురుగా నిలువరాదు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. కంట పడినచో ఆలస్యము చేయక మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని కడకు కొనిపోవలెను.

రొయ్య మెత్తబడుటకు ఖనిజ లోప మొక్కటే కారణము కాదు. ప్రాణవాయువు చాలకపోవుట, పిల్లను మితిమీరి వదలుట, నాసిరకపు మేత, కాలువ నీటితో వచ్చిన పురుగుమందులు, రోగములు కూడ కారణము కావచ్చును. నీటి పరీక్షలో ఖనిజములన్నియు సరిగా ఉన్నచో ఈ దిక్కున వెదకవలెను. కుబుసము విడుచు దినములలో రొయ్యకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను గనుక రాత్రులందు ఏరియేటర్లను ఆపరాదు.

గ్రామాధికారులకు

చెరువులో చేర్చిన ఉప్పు, పొటాష్, జిప్సం పట్టుబడి నాడు నీటితోపాటు బయటకు పోవును. ఆ నీటిని పంట కాలువలోనికి వదలినచో దిగువనున్న వరి చేలు చవుడు బారును, త్రాగునీటి చెరువులు చెడును. మురుగు నీరు మురుగు కాలువలోనికే పోవునట్లు చూచుట, అనుమతిలేని చెరువులను గుర్తించుట గ్రామాధికారుల బాధ్యత. రొయ్యల రైతుకు, వరి రైతుకు నీరు ఒక్కటే. ఒకరి లాభము మరొకరి నష్టము కారాదు.

రైతు సోదరులు చేయవలసినది ఇంతే. పిల్ల వదలుటకు ముందు ఒకసారి, ఆ తరువాత పదునైదు దినముల కొకసారి ఉప్పదనము, పి.హెచ్., క్షారత, కాల్షియము, మెగ్నీషియము, పొటాషియము పరీక్ష చేయించి, అంకెలను ఒక పుస్తకములో తేదీలవారీగా వ్రాసికొనవలెను. ఏ దినమున ఏ పదార్థము ఎన్ని కిలోలు వేసినదియు ప్రక్కనే వ్రాయవలెను. రెండు పంటలు గడచుసరికి మీ చెరువు నీటి స్వభావము ఆ పుస్తకమే మీకు చెప్పును. అటుపిమ్మట సున్నపు బస్తా విప్పుటకు ముందు కొట్టువానిని గాక, ఆ పుస్తకమును అడుగుడు.